ఈడుపలక

తప్పు ఫారాన్ని గడప దాటనివ్వకపోవడమే నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. మీరెప్పుడైనా ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ కొట్టినప్పుడు గడి చుట్టూ ఎర్రగీత వచ్చి, కింద సబ్మిట్ బటన్ బూడిదరంగులో బిగుసుకుపోయి ఎంత నొక్కినా కదలకపోతే, దాన్ని అలా బిగించింది నాలాంటి మనిషే. మీరు తిట్టిన తిట్లు మాకు చేరవు. అసలు ఆ ఫారమే మాకు చేరదు. మా పనిలో గొప్పదనమంతా అక్కడే ఉందని చాలాకాలం అనుకున్నాను.

నా పేరు తవిటమ్మ. ఆఫీసులో తవి అంటారు. ఏ ఉత్తరాది అమ్మాయో అనుకుని కొత్తగా చేరినవాళ్లు నాతో హిందీలో మొదలుపెడతారు. నేను సరిదిద్దను. నలభై నాలుగేళ్లుగా ఈ పేరు మీద నాకు కోపమే తప్ప, ఎందుకు పెట్టారన్న ఆరా ఎన్నడూ లేదు.

విశాఖలో ఎండాడ కొండ మీద 'నిక్కం' అని మా చిన్న ప్రయోగశాల ఉంది. డాక్టర్ రెహానా అక్కడే పదేళ్లు కూర్చుని ఈడుపలక తయారుచేసింది. చూడటానికి అరచేతిలో ఇమిడే గాజు బిళ్ల, అంతే. దాని మీద వేలు పెట్టి అర నిమిషం ఉంచితే ఆ ఒంటి వయసు చెబుతుంది, రెండు నెలలు అటూ ఇటూగా. చెట్టు మానులో వలయాలు పడ్డట్టు మన చర్మం కింద కూడా కాలం పేరుకుంటుందట. జబ్బు చేసినా, ఎండలో మాడినా, ఖరీదైన క్రీములు రాసినా ఆ లెక్క మారదు. మారకుండా చూడటానికే ఆమెకు పదేళ్లు పట్టింది.

మొదటిసారి పలక పెట్టిన రోజు ఆఫీసంతా తిరనాళ్లలా తయారైంది. నా వేలు పెడితే నలభై మూడేళ్ల నాలుగు నెలలు అంది, సరిగ్గా సరిపోయింది. మా అటెండరు సూరప్పడు వంతు వచ్చింది. కాగితాల ప్రకారం అతనికి యాభై ఏడు. పలక మాత్రం యాభై ఎనిమిదేళ్ల ఏడు నెలలు అంది.

"ఓలమ్మో! ఇది నా ఉజ్జోగం పీకీడానికొచ్చినట్టుంది మేడమ్," అని వేలు వెనక్కి లాక్కున్నాడు. "నన్ను బళ్లో ఏసినపుడు హెడ్మాస్టరు గారు జులై ఒకటని రాసీసినారమ్మా. మా కలాసులో సగంమందిమి జులై ఒకటినే పుట్టినాం."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా కోడ్‌లో ఒక నియమం రాసుకున్నాను. కాగితంలోని వయసుకూ పలక చెప్పిన వయసుకూ మధ్య రెండేళ్ల వరకు తేడా ఉన్నా పోనివ్వాలి.

"రెండేళ్లు చాలా?" అంది రెహానా.

"మా జనం సంగతి నాకు తెలుసు డాక్టర్. హెడ్మాస్టర్లు ఏడాదో ఏడాదిన్నరో జరుపుతారు. రెండేళ్లు దాటిందంటే అది దొంగ కాగితమే," అన్నాను.

ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంటుంది.

పలకను మొదట వాడింది కిడ్నీల జాబితాకు. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉంటాయి. వరసలో ఎవరు ముందో తేల్చడానికి వయసు కూడా చూస్తారు. దళారీలు అక్కడ చేరి, అరవై నిండినవాడికి నలభై ఎనిమిదని కాగితం పుట్టించి, వాడిని ముందుకు తోసేవారు. వెనకబడ్డవాళ్లు వెనకే ఉండి పోయేవారు. ఈ అన్యాయాన్ని ఆపమనే మమ్మల్ని పిలిచారు. నేను మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. చేసింది మంచి పనే, ఆ మాట ఇప్పుడు కూడా అంటాను.

పద్ధతి తేలికే. రోగి సేవాకేంద్రానికి వస్తాడు. పుట్టిన తేదీ, సర్టిఫికెట్ నంబరు కొడతారు, పలక మీద వేలు పెట్టిస్తారు. తేడా రెండేళ్లు దాటితే బటన్ వెలగదు. ఏ గడిలో తప్పుందో చెప్పకూడదనుకున్నాం. చెబితే దళారీలు ఆ ఒక్క అంకెనే మార్చి మార్చి లోపలికి దూరిపోతారు. అందుకని ఒకటే వాక్యం పెట్టాను: 'మీరు ఇచ్చిన వివరం సరిపోలడం లేదు. దయచేసి సరిచూసుకుని మళ్లీ ప్రయత్నించండి.' అందులో 'దయచేసి' నా సొంతం. మర్యాదగా ఉంటుందని ఒక పూటంతా ఆలోచించి చేర్చాను.

ముందు కాపలా ఒక్కటే ఉంటే చాలదు. తెలిసినవాడు దాన్ని పక్కకు తప్పించగలడు. కాబట్టి సర్వర్ దగ్గర రెండో కాపలా పెట్టాను. అది మళ్లీ అన్నీ సరిచూస్తుంది. దాన్ని సడలించాలంటే కిడ్నీల జాబితా చూసే కమిటీ సంతకం కావాలి. "నీ దగ్గరైనా తాళం ఉండొద్దా?" అని రెహానా అడిగితే, "ముందు నమ్మకూడనిది నన్నే," అన్నాను. ఆ మాటకు నన్ను మెచ్చుకున్నారు.

జనవరిలో మొదలైంది. నెల తిరిగేసరికి మా గోడ మీది తెరలో 'తప్పు ఫారాలు: 0' అని పెద్ద సున్నా కనిపించింది. రెండో నెలా సున్నాయే, మూడో నెలా సున్నాయే. పైవాళ్లు శాలువా కప్పారు. సూరప్పడు పూర్ణం బూరెలు తెచ్చి అందరికీ పంచాడు.

*

మా అప్పకు కిడ్నీలు పాడైన సంగతి నాకు ముందునుంచీ తెలుసు. అప్ప అంటే నా అక్క, పైడమ్మ. విజయనగరం పక్కన గోనెసంచుల మిల్లు వాడలో అమ్మతో ఉండేది. బావ పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. వారానికి మూడుసార్లు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకునేది. నా కిడ్నీ ఇద్దామంటే నాకు షుగరు ఉంది, పనికిరాదన్నారు. మిగిలింది జాబితా ఒక్కటే. కొత్త పద్ధతిలో నమోదు మొదలవగానే ఫోన్ చేసి చెప్పాను.

"మన మిసనే అప్పా. బేగి ఎల్లి రాయించుకో."

"నీ మిసనంటే ఎల్లనేటి? మిల్లంతటికీ సెప్పీసినాను, మా సెల్లి సేసిందని," అంది, గొంతులో పొంగు దాచుకోకుండా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్‌లో అడిగాను. ఎల్లినానే అనేది. అయిపోనాదిలే అనేది. నీ తిండి సంగతి సూసుకో అని మాట మార్చేసేది. నేను గోడ మీది సున్నా చూసుకుని, ఏ ఫారమూ ఆగలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను. మా పనిలో ఉన్నవాళ్లెవరైనా అంతే అనుకుంటారు. తెర మీద లేనిది లోకంలో లేనట్టే మాకు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, చెప్పకుండా వెళ్లాను. అప్ప గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. కాళ్లు దిమ్మల్లా వాచి ఉన్నాయి. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి.

"ఏటే, సెప్పకుండా వొచ్చీసినావు?" అని నవ్వబోయింది.

చేతులు పట్టుకున్నాను. పది వేళ్ల కొసలూ పచ్చిగా ఉన్నాయి. తోలు లేచిపోయి, కొన్నిచోట్ల రక్తం చిమ్మి ఎండిపోయింది.

"ఏల్లకేటైంది అప్పా?"

ఆమె చేతులు లాక్కుని చీరకొంగులో దాచుకుంది. లోపల్నుంచి అమ్మే చెప్పింది. "రోజూ సింతపండూ బూడిదా ఏసి తోముకుంతాది. ముప్పై అయిదేల్లు నార ఒడికి గీతలరిగిపోనాయట. అందుకే మిసను పట్టలేదని ఆ సెంటర్లో గుంట సెప్పింది. కొబ్బరి నూని రాసుకుని మల్లీ రమ్మంది."

"ఏ మిసను పట్టలేదు?"

"నీదేనే," అంది అమ్మ. అప్ప చేత అంతా చెప్పించాను. ఆమె ఐదుసార్లు వెళ్లింది. మొదటిసారి జనవరి ఆఖరున, మా తెర మీద మొదటి సున్నా వచ్చిన వారంలోనే. ఐదుసార్లూ బటన్ వెలగలేదు. ఐదుసార్లూ 'దయచేసి' అని చదివి వినిపించి పంపేసిందట సెంటర్లో అమ్మాయి. పాత రోజుల్లో అయితే గుమాస్తా కాగితం తిప్పికొట్టినా పుస్తకంలో ఒక గీత గీసేవాడు, ఫలానా పైడమ్మ ఫలానా రోజున వచ్చి వెళ్లిందని. నా ఫారంలో ఆ గీత కూడా లేదు.

"నాకెందుకు సెప్పలేదు అప్పా?"

"ఏటని సెప్పమంతావు? నా సెల్లి సేసిన మిసనని ఊరంతా సెప్పుకుని, అది నన్నే ఒద్దంతందని సెప్పాలా?" కొంగులోంచి వేళ్లు తీసి చూసుకుంది. "గీతలు కాదే. దానికి తెలిసిపోనాది."

"ఏటి తెలిసిపోనాది?"

"నాను నాను కానని."

నాకేమీ అర్థం కాలేదు. అమ్మ వచ్చి మా మధ్య కూర్చుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, నా చిన్నప్పుడు ఎంత అడిగినా కథలు చెప్పేది కాదు. ఆ రోజు అడగకుండానే చెప్పింది.

"మీ ఇద్దరికీ ముందు నాకొక పిల్ల. పైడితల్లమ్మకి మొక్కుకుంతే పుట్టింది, అందుకే పైడమ్మని పేరెట్టినాం. మూడేల్లు నిండకుండానే అమ్మోరు పోసి ఎల్లిపోనాది. అప్పటికి ఇది నా కడుపులో అయిదో నెల. పుట్టినాక, మొక్కుకున్న పేరు తిప్పకూడదని మీ నాన్న దీనికీ అదే పేరెట్టినాడు. దీనికి నాలుగేల్లపుడు హెడ్మాస్టరు జాబితా పట్టుకుని ఇంటికొచ్చినాడు. ఏడేల్ల పైడమ్మ ఉండాల, ఆ పిల్లేది, బడికెందుకు పంపరని అడిగినాడు. సచ్చిపోనాదని సెప్పడానికి మీ నాన్నకి నోరు రానేదే. ఇదేనండి బాబూ అని దీన్ని ముందుకి తోసీసినాడు."

అలా మా అప్ప, చచ్చిపోయిన అప్ప తేదీతో బడికి వెళ్లింది. అదే తేదీతో మిల్లులో చేరింది, అదే తేదీతో కార్డులన్నీ వచ్చాయి. మధ్య తేడా మూడేళ్ల నాలుగు నెలలు. నేను ఉదారంగా ఇచ్చిన రెండేళ్లు ఆమెకు చాల్లేదు.

"మరి నా పేరు?" అన్నాను. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"నీ కాడికొచ్చీసరికి నాకు దడ పట్టుకున్నాది. మీ నాన్న మాట ఇన్లేదు. నిన్ను సేటలో ఎట్టి ఎదరింటి గవరమ్మకి ఇచ్చీసి, సేటెడు తవుడికి కొనుక్కున్నాను."

మా వైపు పసిపిల్లను తవుడు కింద బేరమాడి తెచ్చుకుని ఆ పేరు పెట్టారంటే, అంతకుముందు ఆ ఇంట్లో ఒక బిడ్డ పోయినట్టే. ఈ సంగతి మిల్లు వాడలో ఎవర్నడిగినా చెబుతారు. నలభై నాలుగేళ్లు ఆ పేరుతో తిరిగాను, ఒక్కసారి కూడా అమ్మను అడగలేదు. మా జనం సంగతి నాకు తెలుసని మాత్రం రెహానాకు చెప్పాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

నా సంచిలో పరీక్షలకు వాడే ఈడుపలక ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చూసి అప్ప భయంగా వెనక్కి జరిగింది.

"ఇది ఆపదు అప్పా. సెప్తాది, అంతే."

పచ్చిపుండు లాంటి వేలిని మెల్లగా గాజు మీద ఆనించింది. అర నిమిషం అలాగే ఉంచింది. నలభై తొమ్మిదేళ్ల పది నెలలు. నేను వెనక్కి లెక్కపెట్టి, అక్టోబరు అన్నాను.

అమ్మ ఉలిక్కిపడింది. "అవునే! పైడితల్లమ్మ పండక్కి సిరిమాను తిరిగిన మూడోనాడు. జనమంతా ఇంకా ఈదుల్లోనే ఉన్నారు. మంత్రసాని దొరక్క మీ నాన్న ఆ జనంలో పరిగెట్టినాడు."

అప్ప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అయితే నాకూ ఒక రోజుందన్నమాట," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో కనిపించిన సంతోషం నేను మళ్లీ చూడలేదు.

*

ఆ ఏడు సిరిమాను ఎప్పుడు తిరిగిందో వెతికి చూస్తే అసలు తేదీ దొరికింది, ఇక గట్టెక్కామనుకున్నాను. ఆ సాయంత్రమే సెంటర్‌కు వెళ్లి, అక్టోబరు తేదీ కొట్టించాను. పలక ఒప్పుకుంది. సర్టిఫికెట్ నంబరు ఒప్పుకోలేదు, దానిలో జూన్ పన్నెండు ఉంది కాబట్టి. జూన్ పన్నెండు కొడితే నంబరు ఒప్పుకుంటుంది, పలక ఒప్పుకోదు. పుట్టిన తేదీ మార్చుకోవడానికి వేరే ఫారం ఉంది. మాది బాగా పనిచేస్తోందని మార్చి నెలలో దానికి కూడా ఈడుపలక బిగించారు. ముందు పాత తేదీకి వేలు సరిపోలాలి, అప్పుడే కొత్త తేదీ గడి తెరుచుకుంటుంది. ఆ క్రమం కూడా నేనే రాశాను. పాత తేదీ తప్పు కాబట్టే మనిషి వస్తాడన్న ఇంగితం ఆ రోజు నా బుర్రకు తట్టలేదు. తహసీల్దారు ఆఫీసుకు కాగితం పట్టుకుని వెళితే, "కాగితాలు తీసుకోవడం మానేశాం మేడమ్, అంతా ఆన్‌లైనే కదా," అని కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పారు.

మర్నాడు రెహానా ముందు నిలబడ్డాను. విన్నంతసేపూ ఆమె పలకను చేతిలో తిప్పుతూ ఉంది.

"పలక తప్పు చెప్పలేదు తవీ. మీ అక్కా అబద్ధం చెప్పలేదు. మరి ఆపిందెవరు?"

"నేనే డాక్టర్."

"ఇద్దరం కలిసే ఆపాం," అంది. "వెనక కాపలా ఒక్క ఫారానికి తీయలేవా?"

"తీయలేను. నేనే తీయలేకుండా కట్టాను."

కమిటీకి రాసింది ఆమె. తేడాను నాలుగేళ్లకు పెంచమనీ, ఆగిపోయినవాళ్లను మనిషి చూసేలా ఒక దారి పెట్టమనీ అడిగింది. పది రోజుల తర్వాత మమ్మల్ని పిలిచారు. అధ్యక్షుడు పెద్దమనిషి, కాఫీ ఇప్పించి మరీ అడిగాడు.

"ఇప్పటిదాకా తప్పు ఫారాలు ఎన్ని వచ్చాయమ్మా?"

"ఒక్కటీ రాలేదండీ."

"మరి ఇబ్బంది ఎవరికి?"

"రాలేకపోయినవాళ్లకండీ."

"వాళ్లెంతమంది?"

"మేం లెక్కపెట్టలేదండీ," అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని. "ఒకరిద్దరి కోసం గేటు తెరిస్తే దళారీలు మళ్లీ వస్తారమ్మా. లెక్క తీసుకురండి, తప్పకుండా చూద్దాం," అన్నాడు.

లెక్క తీయడానికి పదిహేను వరసల కోడ్ చాలింది. బటన్ వెలగని ప్రతిసారీ ఒకటి వేసుకొమ్మని చెప్పడం, అంతే. మొదటి రోజే రాసి ఉండాల్సింది. పదకొండు రోజుల్లో రెండువేల మూడువందల పదహారు వచ్చాయి. అందులో దళారీలు ఎందరో నాకు తెలియదు. పక్కన ఊళ్ల పేర్లు చూస్తే మాత్రం మా ఉత్తరాంధ్ర మూడు జిల్లాలే ఎక్కువ. ఆ రాత్రీ పగలూ ఆ ఊళ్లను చదువుతూ కూర్చున్నాను. ఒక్కో అంకె వెనక ఎవరో ఒకరు వేళ్లు తోముకుంటున్నట్టే అనిపించింది. రెహానా ఆ లెక్క చూసి, పక్క కుర్చీలో కూర్చుని, తనూ ఆ పేర్లు చదవడం మొదలుపెట్టింది.

ఆ లెక్క పంపితే, కమిటీ మళ్లీ కూర్చునేది కార్తీకం వెళ్లాక అన్నారు.

ఆసుపత్రి డాక్టరును ఒక మాట అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. జనవరిలోనే నమోదై ఉంటే ఏమయ్యేదన్నాను. ఆయన కంప్యూటర్లో చూసి, ఆ బ్లడ్ గ్రూపులో జనవరిలో చేరినవాళ్లకు ఆగస్టుకల్లా వరస వచ్చిందన్నాడు. అంటే నేను గుమ్మంలో అప్ప వేళ్లు చూసిన నెలలోనే.

*

ఆ ఏడు సిరిమాను తిరిగిన మూడోనాడు అప్పకు యాభై నిండాయి. అప్పటికి ఆమెను ఆసుపత్రిలోనే ఉంచేశారు. అమ్మ పరవాన్నం వండి గిన్నెలో తెచ్చింది. అప్పకు నీళ్లు కూడా కొలిచే ఇచ్చేవారు, కాబట్టి ఒక్క చెంచాకు నర్సమ్మను బతిమాలుకున్నాం. ఆమె అటు తిరిగి నిలబడింది.

అప్ప ఆ చెంచాడూ నోట్లో ఉంచుకుని మెల్లగా మింగింది. "యాబై యేల్లకి నా పుట్టిన్రోజు సేసినారు," అంది. "ఇన్నాల్లూ జూన్ నెలొత్తే బయమేసీదే. ఆ రోజు దానిది. దాని తేదీ, దాని పేరు, దాని సదువు, అన్నీ నానే తినీసినాను కదా. మిసను ఒద్దన్నపుడు, అది వొచ్చి అడుగుతున్నాదేమో అనుకున్నాను."

"అలగనకు అప్పా. అది నీకేటీ సేయనేదు. నానే సేసినాను."

"నువ్వేటి సేసినావే?"

"ఆ తలుపు నానే కట్టినాను."

అప్ప నా తల మీద చెయ్యి వేసింది. కొత్త తోలు వచ్చి వేళ్లు నున్నగా ఉన్నాయి, తోముకోవడం మానేసింది కదా. "తలుపన్నాక ఎవుల్నో ఒకల్ని ఆపుతాది," అంది. "నానొక్కదాన్నే అయితే పర్లేదు గాని, ఇంకెవులైనా ఉన్నారేటో సూసుకో."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తర్వాత మూడు వారాలకు, ఒక మంగళవారం ఉదయం పదిగంటలప్పుడు, అమ్మ తల దువ్వుతుండగా పోయింది. ఫోన్ వచ్చేసరికి నేను బస్సులో ఉన్నాను. కిటికీ పక్కన కూర్చుని, పక్కనున్న ముసలాయన ఏమైందమ్మా అని అడుగుతున్నా చెప్పలేక, విజయనగరం దాకా అలాగే ఏడుస్తూ వెళ్లాను.

*

పదమూడో రోజు కర్మ అయ్యాక మరణ ధ్రువపత్రం కోసం సెంటర్‌కు వెళ్లాం. అప్పకు ఐదుసార్లు 'దయచేసి' చదివి వినిపించిన అమ్మాయే కూర్చుని ఉంది. అప్ప పేరు చెప్పగానే ఆమె మొహం వాడిపోయింది. "నేను గీతలే అనుకున్నాను మేడమ్, నిజంగా," అంది. తప్పు నీది కాదమ్మా అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అమ్మ బయట బల్ల మీద కూర్చుంది. ఫారం నేనే నింపుతానని కుర్చీలో కూర్చున్నాను. పేరు గడిలో పైడమ్మ అని కొట్టాను. పుట్టిన తేదీ దగ్గర అక్టోబరు తేదీ కొట్టాను. చుట్టూ ఎర్రగీత వచ్చింది. సరిపోలడం లేదు, దయచేసి సరిచూసుకోండి అంది. మళ్లీ కొట్టాను. మూడోసారి కూడా అదే కొట్టాను, ఫలితం తెలిసి కూడా. ఆ ఒక్క రోజే ఆమె సొంతమని నాకు తెలుసు. వెనక వరసలో నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు.

చివరికి జూన్ పన్నెండు కొట్టాను. చచ్చిపోయినవాళ్లకు పలక ఉండదు, వేలు పెట్టమని అడగదు. బటన్ వెంటనే వెలిగింది. నొక్కగానే వెళ్లిపోయింది. ఆ అమ్మాయి కాగితం ముద్రించి, ముద్ర వేసి రెండు చేతులతో ఇచ్చింది.

బయటికి వచ్చాను. అమ్మ కాగితం అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఎప్పుడు పుట్టిందని రాసినావు?"

"జూన్ పన్నెండు. అదొక్కటే ఒప్పుకుందమ్మా."

 అమ్మ కాగితాన్ని మోకాలి మీద పరిచి, ముడతలు లేకపోయినా అరచేత్తో సాపు చేసింది.

"అది పెద్దదాని తేదీ కదే."

"అవునమ్మా."

"అయితే పెద్దది ఎల్లిపోనాదని ఇన్నేల్లకి రాసినారన్నమాట. ఆ పిల్ల పోనాదని ఇన్నాల్లూ ఒక కాయితం ముక్క కూడా నేదు." కళ్లు తుడుచుకుంది. మళ్లీ కాగితం వైపు, తర్వాత నా వైపు చూసింది. "మరి మొన్న మనం సాగనంపింది ఎవుల్నే?"

నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను. ఆమె ఇంకా నా మొహంలోకే చూస్తూ ఉంది.